తెర మీద పైవరుస

అమ్మాయి పురిటికి అమెరికా వెళ్ళాలని టికెట్టు కొనబోతే, ఏజెంటుగారు కంప్యూటరు తెర చూసి "ఇదే బాగుందమ్మా" అంటారు. వెంటనే తలూపేయకండి.

1960ల మొదట్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు ఐ.బి.ఎం. వారితో కలిసి 'సేబర్' అనే ఏర్పాటు చేశారు. అంతకుముందు కార్డులు వెతికి ఒక సీటు ఖాయం చేయడానికి గంటన్నర పట్టేదట! 1976 నుంచి ఆ తెరలు ఏజెంట్ల బల్లల మీదికీ వచ్చాయి. మంచిదే. కాని తెర ఎవరిదైతే వారి విమానాలే పైవరుసలో! వడ్డించేవాడు మనవాడైతే కడబంతైనా ఫరవాలేదంటాం. ఇక్కడ వడ్డించేవాడు వాళ్ళవాడాయె. 1984లో అమెరికా ప్రభుత్వం ఈ పక్షపాతం కూడదంది. ఆ నిబంధనలు 2004లో ఎత్తేశారు.

అందుకని "కింది వరుసలు కూడా చదువు బాబూ" అనండి. విమానం మారేచోట ఎన్ని గంటలు కూర్చోవాలో కూడా అడగండి. మోకాళ్ళు మనవి కదా!