ఇంటి కంప్యూటరులో ఉత్తరాల బట్వాడా

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై నాలుగేళ్ళు మన తపాలా శాఖలో ఉత్తరాలు సార్టింగు చేసినవాణ్ణి. అలాంటి నేను మా ఇంట్లోకి వచ్చిన ఉత్తరాలే చూసుకోలేదు. ఆ సంగతి మీకు మనవి చేద్దామని నిలబడ్డాను.

మా మనవడు పాత కంప్యూటరులో లినక్స్ పెట్టి ఇచ్చాడు. పెన్షన్ కాగితాలు, ఫోటోలు, కీర్తిశేషురాలైన మా ఆవిడ పాడిన మంగళహారతులు అందులోనే దాచుకున్నాను. ఒకరోజు హార్డ్ డిస్కు ఆగిపోయింది. రిపేరు చేసే అబ్బాయి కొంత భాగం బయటికి తీయగలిగాడు. అందులో 'రూట్' పేర ఉత్తరాల కట్ట కనిపించింది. డిస్కులో చదవడానికి వీలుకాని చోట్లు ఏర్పడుతున్నాయని కంప్యూటరే రాసిన హెచ్చరికలవి. మొదటిది నాలుగు నెలల నాటిది! కాగితాలు దక్కాయి. పాటలు దక్కలేదు.

రూట్ అంటే లినక్స్‌లో సర్వాధికారి ఖాతా. డిస్కును కనిపెట్టి ఉండే 'స్మార్ట్‌డి' మొదలైనవి సాధారణంగా ఆ పేరనే ఉత్తరం వేస్తాయి. దీనికి ఇంటర్నెట్ అక్కరలేదు. ఊళ్ళో వేసిన కార్డు ఊళ్ళోనే బట్వాడా అయినట్లు, ఉత్తరం కంప్యూటరు దాటదు. మా ఇంట్లోనూ బట్వాడా సక్రమంగానే జరిగింది. పెట్టె తెరిచేవాడే లేడు.

ఉపాయం చిన్నదే. డెబియన్, ఉబుంటులలో 'పోస్ట్‌ఫిక్స్' అమర్చేటప్పుడు ఏ రకం కావాలని అడుగుతుంది. 'లోకల్ ఓన్లీ' ఎంచుకోవాలి. తర్వాత 'ఈటీసీ' డైరెక్టరీలోని 'ఆలియాసెస్' ఫైలులో రూట్ అని రాసి, కోలన్ పెట్టి, పక్కన మన లాగిన్ పేరు రాయాలి. 'న్యూఆలియాసెస్' కమాండు ఇవ్వాలి. ఇల్లు మారినవారి ఉత్తరాలను కొత్త చిరునామాకు తిప్పి పంపేవాళ్ళం కదా, ఇదీ అంతే. ఆపైన రూట్ పేర ఒక ఉత్తరం వేసి, 'మెయిల్' కమాండుతో అది మనకు చేరిందో లేదో చూసుకోవాలి. హెచ్చరికలు రూట్‌కు పంపమని స్మార్ట్‌డి అమరికలో ఉందో లేదో కూడా చూడాలి.

ఒక్క హెచ్చరిక. ఆ ఉత్తరాల పెట్టె ఉండేదీ అదే డిస్కులో. డిస్కు పోతే పెట్టే పోతుంది. కనుక వారానికొకసారి తెరిచి చదవండి. ముఖ్యమైనవాటి నకలు వేరే డిస్కులో దాచండి.

మనవలు కంప్యూటరు పెట్టి ఇస్తే సంతోషించండి. కానీ 'రూట్ పేర వచ్చే ఉత్తరాలు ఎవరికి అందుతాయిరా?' అని ఆ రోజే అడగండి. నేను అడగలేదు.