జేబు పుస్తకానికి తగిన కలం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ కానుకగా మన సంఘం అందరికీ ఈ చిన్న జేబు పుస్తకం ఇచ్చింది. దీనికి ఏ కలం బాగుంటుందో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. వ్యవసాయ శాఖలో ముప్ఫై ఏళ్ళు పొలం గట్ల మీద నిలబడి రాసుకున్నవాణ్ణి. ఆ అనుభవంతో చెబుతాను.

రాజమండ్రి పక్కన ఉండి కలం గురించి మాట్లాడేటప్పుడు కె.వి. రత్నం గారిని తలుచుకోవాలి. ఫౌంటెన్ పెన్ను అంటే సీమ సరుకే అనుకునే రోజుల్లో ఆయన ఇక్కడే పెన్నులు చేశారు. అందులో ఒకటి జె.సి. కుమారప్ప గారి ద్వారా గాంధీగారికి అందింది. దాన్ని వాడి చూశానని, విదేశీ పెన్నులకు బదులుగా బాగానే పనికొస్తుందని 1935లో గాంధీగారు ఉత్తరం రాశారు. ఆ మెప్పు కన్నా, వాడి చూసి చెప్పడం నాకు నచ్చుతుంది. మనమూ అలాగే చూడాలి.

ఎలా చూడాలి? పుస్తకం ఆఖరి పేజీలో రెండు వరుసలు రాయండి. వెంటనే మూసి, పది లెక్కపెట్టి తెరవండి. ఎదుటి పేజీకి సిరా అంటితే ఆ కలం ఈ పుస్తకానికి వద్దు. నిలబడి రాసేవాడికి ఆరేదాకా ఆగే తీరిక ఉండదు. తరువాత కాగితం తిప్పి చూడండి. వెనక్కి సిరా దిగితే సగం పుస్తకం వృథా.

మన లిపికి మరో చిక్కుంది. ద, ధ, ప, ఫ. వీటి మధ్య తేడా చిన్న గీతే. లావు పాళీతో చిన్న పేజీలో రాస్తే ఆ గీత, కింద ఒత్తు అన్నీ కలిసి ముద్దవుతాయి. అందుకని సన్న పాళీ తీసుకోండి.

ఎబొనైట్ పెన్ను చేతికి హాయిగా ఉంటుంది, సిరా ఎక్కువ పడుతుంది. కానీ సిరా తగ్గి లోపల గాలి పెరిగితే, ఒంటి వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను బయటకు తోస్తుంది. తెల్ల చొక్కాల వాళ్ళకు ఇది తెలిసే ఉంటుంది. సగానికి రాగానే నింపుకోండి. పాళీ పైకి ఉండేలా జేబులో పెట్టుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష నీళ్ళు. 1986 ఆగస్టు గోదావరి వరద మీలో చాలామందికి గుర్తుంది. నీరు తీశాక పంట నష్టం రాసుకోవడానికి ఒక లంక గ్రామానికి వెళ్ళాను. ఒక కౌలు రైతు తడిసిన జేబు పుస్తకం తెచ్చి ఎండలో పరిచాడు. మక్తా ఎప్పుడెంత కట్టాడో అందులోనే ఉంది. సిరాతో రాసినవన్నీ నీలి మరకలయ్యాయి. బడికెళ్ళే కూతురు పెన్సిలుతో రాసిపెట్టిన రెండు పేజీలు మాత్రం అక్షరం చెదరలేదు. ఆ ఏడు అతని చేతిలో మిగిలిన సాక్ష్యం ఆ రెండు పేజీలే.

మామూలు ఫౌంటెన్ పెన్ను సిరా నీటిలో కరుగుతుంది. బాల్‌పెన్ను సిరా నూనెలాంటిది, తడికి తట్టుకుంటుంది. పెన్సిలు గీత తడికీ చెదరదు, ఎండకూ వెలవదు. రబ్బరుకు మాత్రమే లొంగుతుంది. కనుక ఉత్తరాలకు, ఇంట్లో రాతకు ఫౌంటెన్ పెన్ను వాడండి, ముచ్చటగా ఉంటుంది. అప్పు, మక్తా, మందుల పేర్లు, ఫోన్ నంబర్లు సన్న బాల్‌పెన్నుతో రాయండి. వానలో, పడవ మీద పెన్సిలు చాలు.

ఆ రాత ఎన్నాళ్ళు బతకాలో ముందు అనుకుని, తరువాత కలం తీయండి. మధ్యాహ్నం భోజనాల దగ్గర మా గురువుల చిరునామాలు రాసుకుంటారుగా, బాల్‌పెన్నుతో రాసుకోండి. సెలవు.