ఒంటి ఆరోగ్యం – ఇంటి సంపాదన
(ఓ.పి. హాలులో రోగుల బంధువులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మంచం మీద ఉన్నవారితో డాక్టర్లు, సిస్టర్లు రోజూ మాట్లాడుతూనే ఉంటారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న మీతో మాట్లాడేవారు తక్కువ. మందుల చీటీ పట్టుకొని పరుగెత్తేదీ, ఇంటి నుండి క్యారియరు తెచ్చేదీ, రాత్రి వరండాలో చాప పరచుకొని పడుకునేదీ మీరే. రేపు డిశ్చార్జి అయ్యాక కూర వండేదీ, మాత్ర చేతిలో పెట్టేదీ మీరే. అందువల్ల ఈ నాలుగు మాటలు మీ కోసం.

ఒక తాపీ మేస్త్రిని తీసుకుందాం. వయసు నలభై రెండు. ఊళ్ళో పెట్టిన ఉచిత వైద్య శిబిరంలో బి.పి. చూస్తే 160/100 ఉంది. మాత్ర రాసిచ్చారు. రెండు నెలలు వేసుకున్నాడు. మళ్ళీ చూపించుకుంటే 130/80. "నార్మల్‌కు వచ్చింది కదా, ఇంకా మందులెందుకు?" అని మానేశాడు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, పనికి పోతూనే ఉన్నాడు. ఏడాది తిరిగేసరికి ఒక తెల్లవారుజామున కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. తాపీ పట్టే చేయి అదే.

ఆ ఇంట్లో ఆగిపోయింది ఒక్క కూలి కాదు, రెండు. అతణ్ణి లేపి కూర్చోబెట్టడానికి, స్నానం చేయించడానికి భార్య కూడా పని మానుకోవాలి. ఇంటర్ చదివే అమ్మాయి చదువు అక్కడితో నిలిచిపోవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తరువాత పెద్ద జబ్బుల ఆస్పత్రి ఖర్చు పేదవారికి చాలా వరకు తగ్గింది. కాని మేస్త్రి కూలికి సరిపడా డబ్బు ఏ కార్డూ ఏళ్ళ తరబడి ఇవ్వదు. ఆరోగ్యం వేరు, ఉద్యోగం వేరు అని మనం అనుకుంటాం. కష్టపడి బ్రతికే ఇంట్లో ఆ రెండూ ఒకటే.

అతని బి.పి. నార్మల్‌కు వచ్చింది మాత్ర వల్ల. గొడుగు కింద తడవడం లేదు గనుక వాన వెలిసిందనుకొని గొడుగు మూసేస్తే ఏమవుతుంది? జరిగింది అదే. రక్తపోటు ఎక్కువగా ఉన్నా చాలామందికి ఏ బాధా తెలియదు. తెలియకుండానే అది మెదడులోని, గుండెలోని, మూత్రపిండాలలోని రక్తనాళాలను పాడు చేస్తూ పోతుంది. మందు తగ్గించాలన్నా, ఆపాలన్నా డాక్టరుగారు చెప్పాలే గాని, మెషిన్‌లో కనిపించిన అంకెను చూసి మనం తీర్మానించుకోకూడదు.

ఇక్కడ మీరు చేయగలిగింది చాలా ఉంది. మాత్రల డబ్బాను బీరువాలో దాచకండి, పళ్ళు తోముకునే పేస్టు పక్కన పెట్టండి. రోజూ వేసుకున్నారో లేదో క్యాలెండరు మీద టిక్కు కొట్టే పని ఇంట్లో పిల్లలకు అప్పగించండి, వాళ్ళు మనకంటే కచ్చితంగా ఉంటారు. ఇంకా వారానికి సరిపడా మాత్రలు ఉండగానే మళ్ళీ కొనండి. పెళ్ళికో, జాతరకో ఊరు వెళ్ళేటప్పుడు చీర సర్దుకున్నట్టే మాత్రలూ సర్దుకోండి. చాలామందికి మందు తప్పేది ఈ ప్రయాణాల్లోనే.

ఎవరికైనా ఉన్నట్టుండి మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా, ఒక వైపు చేయి లేవకపోయినా పసరు మందు కోసం ఊళ్ళు తిరగకండి. రక్తం గడ్డకట్టడం వల్ల వచ్చిన పక్షవాతానికి గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. అది సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ముందు స్కానింగ్ ఉన్న ఆస్పత్రికి చేరండి. 108కి ఫోన్ చేయండి.

ఇక ఉప్పు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ, అంటే ఒక చిన్న చెంచాకు మించకుండా చాలునంటుంది. మన దేశంలో దాదాపు అంతకు రెట్టింపు తింటున్నాం. తెలుగువారి భోజనంలో అది ఎక్కడ దాగి ఉందో మీకు చెప్పనక్కరలేదు: ఆవకాయ, మాగాయ, అప్పడం, వడియం, ఊరమిరపకాయ, ఉప్పుచేప. ఆవకాయ మానేయమని చెబితే ఎవరూ మానరు, ఆ మాట నాకు తెలుసు. కాని విస్తరి పక్కన ఉప్పు డబ్బా పెట్టే అలవాటు మానవచ్చు. మజ్జిగలో ఉప్పు మానవచ్చు. కూరలో ఉప్పు ఒక్కసారిగా కాకుండా వారం వారం కొంచెం తగ్గిస్తూ పోతే, కొన్ని వారాలలో నాలుక దానికే అలవాటు పడుతుంది. ఇంట్లో రోగి ఒక్కరికే చప్పిడి కూర వేరే వండకండి. అందరికీ తగ్గించండి. వేరే వంట నాలుగు రోజులు సాగుతుంది, ఐదో రోజు ఆగిపోతుంది.

షుగరు గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీలో కొందరికి అది రాబోతూ ఉండవచ్చు. తల్లికో తండ్రికో షుగరు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. అయితే అది తప్పని తలరాత కాదు. చెన్నైలోని పరిశోధకులు 2006లో ఒక అధ్యయన ఫలితాలు ప్రకటించారు. షుగరు ఇంకా రాలేదు గాని వచ్చే అంచున ఉన్న 531 మందిని మూడేళ్ళు గమనించారు. వారిలో చాలామంది మనలాంటి మధ్యతరగతి ఉద్యోగులే. ప్రత్యేకంగా ఏమీ చేయని వారిలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. రోజుకు అరగంట నడక, అన్నం, తీపి, నూనెల విషయంలో జాగ్రత్త పాటించమని చెప్పి వెంటబడి గుర్తు చేసిన వారిలో నూటికి 39 మందికే వచ్చింది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చిన వారిలోనూ సుమారు 40 మందే. అంటే అరగంట నడక, కంచంలో కొంచెం మార్పు, ఈ రెండూ ఒక మంచి మాత్రకు తీసిపోలేదన్న మాట.

అందరికీ పూర్తిగా ఆగలేదు, ఆ సంగతీ దాచకూడదు. కాని నూటికి పదహారు మంది తప్పించుకున్నారంటే అది చిన్న విషయం కాదు. ఆ పదహారు మందిలో మీ అబ్బాయి ఉండవచ్చు.

టీ లెక్క ఒకటి వేసి చూడండి. రోజుకు ఐదు టీలు, ఒక్కొక్క దానిలో రెండు చెంచాల పంచదార. చెంచా నాలుగు గ్రాములనుకున్నా రోజుకు 40 గ్రాములు, నెలకు కిలోంబావు దాకా. ఇది భోజనంలో లెక్కకు రాదు, మనం దీన్ని తిండి అని కూడా అనుకోము. మరొక మాట. "రాగి జావ తాగితే షుగరు తగ్గుతుంది" అని కొందరు గ్లాసులకు గ్లాసులు తాగుతారు. రాగి మంచి ధాన్యమే. కాని మెత్తగా పిండి చేసి జావ కాస్తే అది త్వరగా అరిగి షుగరును పెంచుతుంది. జొన్న రొట్టె అయినా, కొర్రన్నం అయినా కొలత ఉండాలి, పక్కన కూర, పప్పు ఎక్కువ ఉండాలి.

షుగరు ఇప్పటికే ఉన్నవారి ఇంట్లో రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాల పని ఒకటి ఉంది. వారి పాదాలు చూడండి. స్పర్శ తగ్గిన పాదానికి మేకు గుచ్చుకున్నా తెలియదు. అరికాలు వారికి కనబడదు, కొందరికి చూపు కూడా సరిగా ఉండదు, గనుక మీరే చూడాలి. వేళ్ళ సందుల్లో తెల్లబడిందా, ఎక్కడైనా ఎర్రగా ఉందా, బొబ్బ లేచిందా? ఉంటే మరునాడే చూపించండి. ఆనెకాయను బ్లేడుతో కోయవద్దు. వేడినీళ్ళలో కాళ్ళు ముంచవద్దు, వేడి ఎంతో వారికి తెలియదు. మే నెల ఎండలో గుడికో, చర్చికో వెళ్ళినప్పుడు బండల మీద వట్టి కాళ్ళతో నడిచినా పాదాలు కాలి బొబ్బలెక్కవచ్చు. మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులు ఇంట్లో కూడా వేసుకోవాలి. చిన్న పుండుతో మొదలై వేలు, తరువాత పాదం పోగొట్టుకున్న వ్యక్తి మళ్ళీ పొలం గట్టెక్కడం కష్టం. అలాగే ఏడాదికొకసారి కంటి లోపలి పొరను పరీక్ష చేయించాలి. లారీ, బస్సు నడిపేవారి లైసెన్సు రెన్యువల్‌కు డాక్టరు సర్టిఫికెట్ కావాలి. చూపు పోతే స్టీరింగు వదలవలసిందే.

బస్సు అంటే గుర్తుకు వచ్చింది. లండన్‌లో జెరెమీ మోరిస్ అనే డాక్టరు, ఆయన బృందం 1953లో ఒక సంగతి బయటపెట్టారు. అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా కూర్చొని నడిపే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువగా ఉంది. ఒకే సంస్థ, ఒకే బస్సు. ఆ తరువాత 1956లో వాళ్ళే యూనిఫారాల కొలతలు చూసి, డ్రైవర్లు మొదటి నుంచే నడుము లావుగా ఉన్నవారని కూడా చెప్పారు. కాబట్టి తేడా అంతా మెట్ల వల్లే అనలేము. అయినా ఒంటికి కదలిక గుండెను కాపాడుతుందని తరువాతి పరిశోధనలూ చెప్పాయి.

హైదరాబాదులోనో, అమెరికాలోనో కంప్యూటరు ముందు పది గంటలు కూర్చునే మీ పిల్లలకు ఈ కథ చెప్పండి. జీతం పెరుగుతున్న వయసులోనే నడుమూ పెరుగుతోంది. ముప్పై ఐదేళ్ళకే షుగరు వస్తే, ఇంకా పాతికేళ్ళ ఉద్యోగం దానితోనే చేయాలి. ఫోన్‌లో "తిన్నావా?" అని అడుగుతాం కదా, దాని పక్కన "నడిచావా? పడుకున్నావా?" అని కూడా అడగండి. ఇంటి అల్లుణ్ణి అడగడం మొహమాటమైతే అమ్మాయి చేత అడిగించండి.

పొగ గురించి ఒక్క మాటతో ముగిస్తాను. బ్రిటన్‌లో డాక్టర్లనే యాభై ఏళ్ళ పాటు గమనించి 2004లో ప్రకటించిన లెక్క ప్రకారం, అరవై ఏళ్ళకు సిగరెట్ మానినవారికి సుమారు మూడేళ్ళు, యాభైకి మానితే ఆరేళ్ళు, నలభైకి మానితే తొమ్మిదేళ్ళు ఆయుష్షు కలిసి వచ్చింది. "ఈ వయసులో మానితే ఏం లాభం?" అనే తాతయ్యకు ఆ మూడేళ్ళ సంగతి చెప్పండి. బీడీ, చుట్ట, అడ్డపొగ ఏదైనా సరే, మానవలసిందే.

ఇప్పుడు మీ రోగిని చూడడానికి డాక్టరుగారు రౌండ్స్‌కు వచ్చేలోగా కొంత సమయం ఉంది. ముప్పై దాటిన ప్రతివారూ ఓ.పి. బల్ల దగ్గరికి వెళ్ళి బి.పి. చూపించుకోండి. టిఫిన్ చేయకుండా ఉన్నవారు షుగరు కూడా పరీక్ష చేయించుకోండి. మా సిస్టరు చీటీ మీద రాసిచ్చే అంకెను పారేయకుండా రేషన్ కార్డు దగ్గర దాచుకోండి. ఈసారి మీరు వచ్చినప్పుడు దానితో పోల్చి చూద్దాం.