గిటార్ మీద సంతకం: పేరు ఎవరిది, కొలత ఎవరిది?



ఈనాటి మన పాఠం ఒక ప్రశ్నతో మొదలవుతుంది. అది నా ప్రశ్న కాదు. సూరత్‌లో నా దగ్గర పన్నెండో తరగతి భౌతికశాస్త్రం చదువుకున్న ఒక అబ్బాయిది. సూరత్‌లో లింబాయత్, ఉధనా వైపు వెళ్తే మగ్గాల మోత మధ్య తెలుగు మాటలు వినిపిస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి బతుకుతెరువు కోసం వచ్చి స్థిరపడిన నేత కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. ఆ అబ్బాయి తండ్రి కూడా పవర్‌లూమ్ మీద పనిచేస్తాడు. అబ్బాయికేమో గిటార్ అంటే ప్రాణం.

ఒకరోజు తరగతి అయ్యాక నా దగ్గరికి వచ్చి ఇలా అడిగాడు: "సార్, పెద్ద కళాకారుల సంతకంతో గిటార్లు అమ్ముతారు కదా. మామూలు గిటార్ కంటే ఎన్నో రెట్లు ధర. సంతకం ఉంటే మోతలో నిజంగా తేడా వస్తుందా, లేక ఆ డబ్బంతా పేరుకేనా?"

అతని చేతిలో ఒక పాత గిటార్ ఉంది. గట్టిగా మోగాలని దానికి లావు తీగలు బిగించాడట. నెల తిరక్కుండానే తీగల్ని పట్టి ఉంచే బ్రిడ్జి పైకి లేచిపోయింది. ముందు పలక ఉబ్బింది. ఇంట్లో తండ్రి దాన్ని చూసి, "పడుగు మస్తు బిగిస్తే దారం తెగుతది, వదిలేస్తే గుడ్డ వదులైతది. చెక్కను అడగకుండ తీగ మారుస్తవా?" అన్నాడట. అబ్బాయి నవ్వుతూ, "మా నాన్నకు గిటార్ గురించి ఏం తెలుసు సార్!" అన్నాడు.

ఆ తండ్రి మాటను గుర్తుంచుకోండి. చివర్లో మళ్ళీ దాని దగ్గరికి వద్దాం.

తీగ చెప్పే లెక్క

ముందుగా తీగ సంగతి చూద్దాం. మీటిన తీగ సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో దాన్ని పౌనఃపున్యం అంటాం. ఇది దేని మీద ఆధారపడుతుందో ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1636లోనే సూత్రీకరించాడు. మూడే అంశాలు. తీగ పొడవు పెరిగితే స్వరం తగ్గుతుంది. బిగువు, అంటే తన్యత, పెరిగితే స్వరం పెరుగుతుంది. తీగ లావై బరువెక్కితే స్వరం తగ్గుతుంది. అయితే బిగువు రెట్టింపు చేస్తే స్వరం రెట్టింపు కాదు. పౌనఃపున్యం తన్యత వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కాబట్టి స్వరం రెట్టింపు కావాలంటే బిగువు నాలుగింతలు కావాలి.

ఇప్పుడు ఆ అబ్బాయి చేసిన పని చూడండి. లావు తీగ బరువైనది. అదే స్వరం పలకాలంటే దాన్ని ఇంకా ఎక్కువ బిగించాలి. మామూలు ఉక్కు తీగల గిటార్ మీద ఆరు తీగల బిగువూ కలిపితే సుమారు 70 కిలోల బరువుకు సమానం. ఒక పెద్దమనిషి ఆ బ్రిడ్జికి రాత్రింబవళ్ళు వేలాడుతున్నట్టు ఊహించుకోండి! ఒక్క మెట్టు లావు తీగలు వేస్తే దానికి మరో పది కిలోలు తోడవుతాయి. మరి ఆ బరువు మోసే ముందు పలక మందం ఎంత? సుమారు మూడు మిల్లీమీటర్లు.

పలక చేసే పని

అంత పల్చటి పలక ఎందుకు? కాస్త మందంగా చేస్తే సరిపోదా? ఇక్కడే అసలు కిటుకు ఉంది.

ఒక శృతిదండాన్ని మోగించి గాలిలో పట్టుకోండి. శబ్దం చాలా తక్కువ. దాని కాడను బల్లకు ఆనించండి. వెంటనే శబ్దం పెరుగుతుంది. తీగ విషయమూ అంతే. సన్నని తీగ గాలిని కదిలించలేదు, కోసుకుంటూ పోతుంది. దాని కంపనాన్ని అందుకుని గాలిని నెట్టేది పలక.

పలక బిరుసుదనం దాని మందం ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. మందం పది శాతం తగ్గిస్తే 0.9ని మూడుసార్లు గుణించాలి. వచ్చేది 0.729. అంటే బిరుసుదనం 27 శాతం తగ్గిపోయింది. ఒక్కసారి చిత్రిక ఎక్కువ పడితే వాద్యం స్వభావమే మారిపోతుంది. అందుకే పలక వెనక సన్నని బద్దలు అతికించి బలం ఇస్తారు. అమెరికాలో మార్టిన్ సంస్థ 1840ల నుంచి ఈ బద్దలను ఇంటూ గుర్తు ఆకారంలో అమర్చింది. తరవాతి కాలంలో ఉక్కు తీగల బిగువును తట్టుకోవడానికి ఆ అమరికే ఆధారమైంది.

ఇప్పుడు శక్తి నిత్యత్వ సూత్రాన్ని గుర్తుచేసుకోండి. వేలితో మీటినప్పుడు తీగకు ఇచ్చే శక్తి పరిమితం. పల్చటి పలక ఆ శక్తిని త్వరగా లాక్కుంటుంది. మోత గట్టిగా వస్తుంది, కానీ త్వరగా ఆరిపోతుంది. మందపాటి పలక నెమ్మదిగా తీసుకుంటుంది. మోత తక్కువ, కానీ స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. రెండూ కావాలంటే కుదరదు. ఏదో ఒకటి కొంత వదులుకోవాలి.

ఎంత వదులుకోవాలి? ఈ ప్రశ్నకు సూత్రం జవాబు చెప్పదు. వాయించేవాడు చెప్పాలి. సంతకం అసలు పని ఇక్కడ మొదలవుతుంది.

మూడు ఉదాహరణలు

మొదటిది ఎరిక్ క్లాప్టన్ గిటార్. ఎలక్ట్రిక్ గిటార్‌తో రాక్ సంగీతంలో పేరు పొందిన ఈయన 1992లో ఒక టెలివిజన్ కచేరీ కోసం 1939 నాటి పాత మార్టిన్ గిటార్ వాయించాడు. 1995లో మార్టిన్ సంస్థ ఆయన పేరు మీద 1930ల నాటి నమూనా ఆధారంగా ఒక గిటార్ తెచ్చింది. ఆయన పాత ఆల్బమ్ పేరులోని అంకెను అనుసరించి 461 మాత్రమే చేసింది. అంకె సరదాకే. కానీ కొలత సరదాకు కాదు. మార్టిన్ పెద్ద గిటార్లలో కంపించే తీగ పొడవు సుమారు 645 మిల్లీమీటర్లు. ఇందులో సుమారు 632 మిల్లీమీటర్లే. తేడా ఒక బొటనవేలు వెడల్పు కూడా లేదు. అయితే ఒకే తీగ, ఒకే స్వరం అయినప్పుడు బిగువు పొడవు వర్గాన్ని అనుసరిస్తుంది. లెక్క కడితే నాలుగు శాతం బిగువు తగ్గింది. వేళ్ళకు తీగ మెత్తగా తగులుతుంది. పైగా దీని పెట్టె డ్రెడ్‌నాట్ అనే పెద్ద గిటార్ పెట్టె కంటే లోతు తక్కువ. మంద్ర స్వరాల గుమగుమ కొంత తగ్గి ప్రతి స్వరం విడివిడిగా వినబడుతుంది. మోత కొంత పోయింది, స్పష్టత వచ్చింది.

రెండో ఉదాహరణ మనకు దగ్గరిది. జాన్ మెక్‌లాఫ్లిన్ 1942లో ఇంగ్లండులో పుట్టిన గిటార్ విద్వాంసుడు. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా స్థాపించి రాక్, జాజ్ సంగీతాలను కలిపాడు. ఆ రోజుల్లో అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో వీణ అభ్యసించాడు. తరవాత వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్, తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్, ఘటం విద్వాంసుడు విక్కు వినాయక్‌రామ్‌లతో కలిసి శక్తి బృందంలో వాయించాడు. అప్పుడు ఆయనకు ఒక ఇబ్బంది ఎదురైంది. గిటార్ మీద గమకం పలకదు!

ఎందుకు పలకదో లెక్క చూడండి. ఒక మెట్టు మీదే తీగను లాగి స్వరాన్ని షడ్జమం నుంచి చతుశ్రుతి రిషభానికి పెంచాలంటే బిగువు సుమారు 26 శాతం పెరగాలి. గిటార్ ఉక్కు తీగ అసలే బిగువు మీద ఉంటుంది. పైగా లాగుతున్న వేలు కింది చెక్కకు రాసుకుంటుంది. వీణలో మెట్లు ఎత్తుగా ఉంటాయి. వేలి కింద గాలి తప్ప ఏమీ లేదు.

గిబ్సన్ సంస్థలో పనిచేసిన వాద్య నిర్మాత ఏబ్రహామ్ వెక్టర్ ఆయన కోసం వేరే గిటార్ తయారు చేశాడు. మెట్ల మధ్య చెక్కను లోపలికి తొలిచి పల్లాలు చేశారు. దాంతో వేలు చెక్కకు తగలకుండా తీగను లాగగలుగుతుంది. మామూలు ఆరు తీగల కింద, పెట్టె రంధ్రం మీదుగా ఏటవాలుగా మరో ఏడు తీగలు అమర్చారు. వాటిని విడిగా శ్రుతి చేసుకోవచ్చు. పై తీగ పలికిన స్వరం తన స్వరమైతే కింది తీగ తనంతట తానే కంపిస్తుంది. మీ పాఠ్యపుస్తకంలోని అనునాదం ఇదే. అయితే ఏడు తీగలు పెరిగితే పలక మీద భారమూ పెరుగుతుంది. ఆ భారాన్ని మోయించడం వెక్టర్ పని. ఏ స్వరం కావాలో చెప్పడం మెక్‌లాఫ్లిన్ పని.

మూడో ఉదాహరణ పూర్తిగా మన ఇంటిది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, మాండలిన్ శ్రీనివాస్‌గా మీరు పేరు వినే ఉంటారు. మాండలిన్‌కు ఎనిమిది తీగలు, నాలుగు జతలు. జతలో రెండు తీగలనూ ఒకే స్వరానికి శ్రుతి చేస్తారు. గమకానికి లాగితే రెండింటి బిగువూ అచ్చంగా సమానంగా పెరగాలి. లేకపోతే అపశ్రుతి. పైగా చిన్న పెట్టె, పొట్టి తీగ కావడంతో స్వరం పుట్టీపుట్టగానే ఆరిపోతుంది. సాగదీయడానికి వ్యవధి ఎక్కడిది?

శ్రీనివాస్ ఎంచుకున్న మార్గం రెండు మార్పులు. జతల బదులు అయిదు ఒంటి తీగలు. చెక్క పెట్టె బదులు ఎలక్ట్రిక్ మాండలిన్. ఇందులో అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. ఉక్కు తీగ కంపిస్తే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. శబ్దాన్ని పెంచే శక్తి ఆంప్లిఫయర్ నుంచి వస్తుంది. తీగ తన శక్తిని గాలిని నెట్టడానికి ఖర్చు చేయనక్కరలేదు. కాబట్టి స్వరం నిలుస్తుంది, గమకానికి చోటు దొరుకుతుంది. చెక్క పెట్టె ఇచ్చే సహజమైన గుంభనం మాత్రం వదులుకోవలసి వచ్చింది. అది తెలిసి చేసిన ఎంపిక. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసిన ఆ బాలుడు తరవాతి కాలంలో రిమెంబర్ శక్తి బృందంలో అదే మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించాడు. వీణ గమకం కోసం గిటార్‌ను మార్చినవారు ఒకరు, మాండలిన్‌ను మార్చినవారు మరొకరు. ఇద్దరూ ఒకే వేదిక మీద కలిశారు. శ్రీనివాస్ 2014లో 45వ ఏట మరణించారు.

పేరు లేని సంతకం

ఇప్పుడు విజయనగరం జిల్లా బొబ్బిలికి వెళ్దాం. ఆ పక్కనే ఉన్న గొల్లపల్లిలో తరతరాలుగా వీణలు చేస్తున్నారు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఒకే పనస దుంగను తొలిచి చేసే ఏకాండి వీణకు ఆ ఊరు ప్రసిద్ధి. గిటార్ మెట్ల స్థానాలు లెక్కతో వస్తాయి. ఒక్కో మెట్టుకు మిగిలిన పొడవును 1.0595తో భాగిస్తూ పోతే చాలు. పన్నెండో మెట్టు దగ్గర తీగ సరిగ్గా సగమవుతుంది. వీణ మీద 24 మెట్లను మాత్రం మైనంలో కూర్చుతారు. వేలి ఒత్తిడికి తీగ బిగువు కొంత మారుతుంది కాబట్టి ఆ చెక్కకు, ఆ తీగకు సరిపోయేలా చెవితో విని, జరిపి, మళ్ళీ విని నిలుపుతారు. మైనం పాతబడితే మళ్ళీ కూర్చుతారు. అంటే ప్రతి వీణా విడిగా కొలిచి చేసినదే. దాని మీద మాత్రం ఎవరి సంతకమూ ఉండదు. కచేరీలో విద్వాంసుడి పేరు చెబుతాం. దుంగను ఎంచుకున్న చేతి పేరు అడగం. వెక్టర్ పేరు కూడా మీలో ఎంతమంది ఇంతకుముందు విన్నారు?

ఆ అబ్బాయికి నేను ఇచ్చిన జవాబు ఇది. సిరాతో పెట్టిన సంతకానికి శబ్దం లేదు. పాత నమూనా మీద పేరు మాత్రమే అచ్చువేస్తే నువ్వు చెల్లించేది పేరుకే. అలా కాక వాయించేవాడు ఏది కావాలో, దానికోసం ఏది వదులుకుంటాడో చెప్పి, చేసేవాడు ఆ మాటను మిల్లీమీటర్లలోకి మార్చితే, అప్పుడు సంతకం మోగుతుంది. కొనేముందు పేరు చూడకు. తీగ పొడవెంత, పెట్టె లోతెంత, ఏం మారింది అని అడుగు.

"ఇంకో మాట," అన్నాను. "బిగువు పెంచితే దాన్ని మోసేది ఏమిటో ముందు చూసుకోవాలని ఈ గంటసేపు నేను లెక్కలతో చెప్పాను. మీ నాన్న ఒక్క వాక్యంలో చెప్పాడు. ఆయన రోజూ వేల పడుగు దారాల బిగువు చూస్తాడు. మెర్సెన్ పేరు ఆయనకు తెలియకపోవచ్చు. సూత్రం తెలుసు."

అబ్బాయి ఏమీ అనలేదు. వారం తరవాత గిటార్ తెచ్చి చూపించాడు. బ్రిడ్జిని జిగురుతో అతికించి, పల్చటి తీగలు వేశారు. "నాన్న, నేను కలిసి చేశాం సార్. జిగురు ఆరేదాకా ఎంత బరువు పెట్టాలో ఆయనే చెప్పాడు," అన్నాడు. మోత ఇదివరకటి కంటే కాస్త తక్కువే. శ్రుతి మాత్రం నిలిచింది.

విద్యార్థులారా, మీకొక పని. దగ్గరలో ఉన్న గిటార్‌నో, వీణనో, బుల్‌బుల్ తరంగ్‌నో తీసుకోండి. కంపించే తీగ పొడవు స్కేలుతో కొలవండి. సరిగ్గా సగం దగ్గర వేలు ఆనించి మీటి, ఏ స్వరం వస్తుందో వినండి. తరవాత మీ ఊళ్ళో వాద్యాలు బాగుచేసే మనిషి దగ్గరికి వెళ్ళి, ఆ పలకకు ఆ మందమే ఎందుకు పెట్టారని అడగండి. ఆయన చెప్పే కారణాన్ని మీ పుస్తకంలోని సూత్రం పక్కన రాసుకోండి. ఆయన పేరు కూడా రాసుకోండి.

మరొక పాఠంలో కలుసుకుందాం. సెలవు.