ఒకే రూపం, వేర్వేరు జాతులు

ఆడ అనాఫిలిస్ దోమ మలేరియాను వ్యాపింపజేస్తుందని మీరు పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. ఆ మాట నిజమే గాని అసంపూర్ణం. అనాఫిలిస్ ప్రజాతిలో 400కు పైగా జాతులున్నాయి. మలేరియాను మోసేవి వాటిలో కొన్ని మాత్రమే. అసలు చిక్కేమిటంటే, మోసే దోమా మోయని దోమా కంటికి అచ్చం ఒకేలా కనిపించవచ్చు.

మన పల్లెల్లో మలేరియాకు ప్రధాన వాహకం అనాఫిలిస్ క్యులిసిఫేసిస్. వాగుల్లోని మడుగులు, కాలువలు, వరి మళ్లు దీని పుట్టిళ్లు. చాలాకాలం దీన్ని ఒకే జాతి అనుకున్నారు. 1980లో గ్రీన్, మైల్స్ అనే శాస్త్రవేత్తలు ఇందులో రెండు జాతులున్నాయని చూపారు. 1983లో సరళా సుబ్బారావు బృందం మూడోదాన్ని వెల్లడించింది. ఇప్పుడు ఎ, బి, సి, డి, ఇ అని ఐదింటిని లెక్కిస్తున్నారు. ఇలాంటి వాటిని సోదర జాతులంటారు.

కంటికి తేడా లేకపోతే ఎలా విడదీశారు? రక్తం తాగి, గుడ్లు సగం ఎదిగిన ఆడ దోమ అండాశయాన్ని తీసి, రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూస్తారు. అక్కడి పోషక కణాల్లో పాలిటీన్ క్రోమోజోములు అడ్డచారల పట్టీల్లా కనిపిస్తాయి. కొన్నిచోట్ల చారల వరుస తలకిందులై ఉంటుంది. దీన్ని విలోమం అంటాం. ఎ జాతి ఎక్స్ క్రోమోజోములో లేని విలోమాలు బి జాతిలో ఉంటాయి. రెండూ ఒకే ఊళ్లో తిరుగుతున్నా, ఒక క్రోమోజోము ఎ రకానిది, దాని జత బి రకానిది అయిన దోమలు దాదాపు దొరకవు. అంటే అవి ఒకదానితో ఒకటి జతకట్టడం లేదు. జాతికి మీరు చదువుకున్న నిర్వచనం ఇక్కడ ఎలా పనికొచ్చిందో చూడండి.

బి, ఇ జాతుల దగ్గర ఈ పద్ధతి కూడా చాలదు. రెండింటి పాలిటీన్ చారలూ ఒకటే. తేడా అంతా మగ దోమల వై క్రోమోజోము ఆకారంలో ఉంది. కాబట్టి తల్లి దోమ చేత ప్రయోగశాలలో గుడ్లు పెట్టించి, దాని మగ సంతానాన్ని పరీక్షించాలి. తల్లి ఎవరో కొడుకును చూసి చెప్పడమన్నమాట! రామేశ్వరం దీవిలో ఇ జాతి సంగతి బయటపడి 1999లో ప్రచురితమైంది.

ఇంత శ్రమ దేనికని మీరు అడగవచ్చు. బి జాతి ఎక్కువగా పశువుల మీదే వాలుతుంది. మలేరియాను మోయడంలో అది చాలా బలహీనం. ఇ జాతి మనిషిని వెతుక్కుంటూ వస్తుంది, గట్టి వాహకం. బి ఒక్కటే ఉన్న ఊళ్లో మలేరియా కోసం మందు చల్లితే డబ్బు దండగే. శ్రీలంకలో ఉన్నది బి మాత్రమేనని చాలాకాలం భావించారు. మన దగ్గర చేతగాని దోమ అక్కడ జ్వరాలెలా తెస్తోందన్నది ఒక పెద్ద ప్రశ్న. అక్కడా ఇ జాతి ఉందని తేలాక ఆ ముడి విడిపోయింది.

ఇక పట్నాల దోమ అనాఫిలిస్ స్టీఫెన్సి. ఓవర్‌హెడ్ ట్యాంకులు, నూతులు, సిమెంటు తొట్లు దీనికి చాలు. దక్షిణాసియా, పశ్చిమాసియాలకు పరిమితమైన ఈ దోమ 2012లో ఆఫ్రికాలోని జిబూతిలో కనిపించింది. ఆ ఏడాది అక్కడ నమోదైన మలేరియా కేసులు 27. 2020 నాటికి అవి 73 వేలు దాటాయి. కారణమంతా ఈ దోమదే అనలేం గాని, దాని వాటా చిన్నది కాదు. తరువాత ఇథియోపియా, సూడాన్ దేశాల్లోనూ దొరికింది. శ్రీలంక మలేరియా రహిత దేశంగా 2016 సెప్టెంబరులో గుర్తింపు పొందింది. డిసెంబరు వచ్చేసరికి మన్నారు దీవిలో ఇదే దోమ!

ఆఫ్రికాలో దీన్ని గుర్తించడం అంత తేలిక కాలేదు. అక్కడి ప్రధాన వాహకమైన గాంబియే వర్గపు దోమలకూ కాళ్ల మీద చుక్కలుంటాయి. నోటికి ఇరుపక్కలా ఉండే పాల్పుల మీద కూడా చుక్కలుంటేనే స్టీఫెన్సి అని అనుమానించాలి. ఆ ప్రాంతపు పాత గుర్తింపు పట్టికల్లో దాని పేరే లేదు. పట్టికలో లేని జాతి చేతికొస్తే, దాన్ని పోలిన మరో జాతి పేరే పడుతుంది. పైగా గాంబియే వాన గుంటల్లో పెరిగేది గనుక లార్వాల కోసం సిబ్బంది గుంటలనే గాలించేవారు. ఇప్పుడు ట్యాంకులూ, ఇళ్లు కట్టేచోట నీటి తొట్లూ చూస్తున్నారు. అనుమానం వచ్చిన దోమకు డీఎన్‌ఏ పరీక్ష చేస్తున్నారు. దానికి దోమ కాలు ఒక్కటి ఉన్నా చాలు.