రోగి తృప్తి నడుగుట యెట్లు?

గోదావరి యొడ్డున, భద్రాచలమున కెదురుగా నున్న సారపాకలో నొక వృద్ధురాలికి మోకాలికీలు మార్చి రనుకొందము. కొన్నినెలలకు వైద్యుడు, "ఎట్లున్నదమ్మా?" అని యడుగును. "మీ దయవలన బాగున్నది, సారూ" అని యామె చెప్పును. ఆ మాట మోకాలినిగూర్చి చెప్పినదా, మర్యాదకై చెప్పినదా? ఎక్స్‌రేలో క్రొత్తకీలు చక్కగా కనిపింపవచ్చును. మెట్లెక్కునప్పటి నొప్పి యందు కనిపింపదు.

అందులకే ప్రశ్నపత్రము లేర్పడినవి. 2011లో నిజార్ మహోమెడ్ ప్రభృతులు ప్రకటించిన పత్రములో ప్రశ్నలు నాలుగే. మొత్తముమీద ఫలితము, నొప్పి తగ్గుట, ఇంటి పెరటి పనులు, వినోదకాలక్షేపము—వీనియందు రోగికి తృప్తి యెంత? 'మిక్కిలి తృప్తి' మొదలు 'మిక్కిలి అసంతృప్తి' వరకు జవాబులు నాలుగు. వానికి వరుసగా 100, 75, 50, 25 మార్కులు. నాలుగు ప్రశ్నల సగటే కొలత.

ఇట్టి పత్రమును తుర్కీభాషలోనికి తెచ్చినను, తెలుగులోనికి తెచ్చినను మార్గమొక్కటే. ఇద్దరు వేర్వేరుగా అనువదింతురు. రెంటిని కలిపి యొకటి చేయుదురు. మూలము చూడని యిద్దరు దానిని మరల మూలభాషలోనికి త్రిప్పుదురు. నిపుణులు పోల్చి చూతురు. పిదప 30, 40 మంది రోగులకు చూపి, వారి కేమి యర్థమైనదో కనుగొందురు.

ఈ కడపటి మెట్టే ముఖ్యమని మా యభిప్రాయము. సారపాక కూలిస్త్రీకి పని యనగా నాట్లు వేయుట, మిరపకాయలు కోయుట, తునికాకు తెచ్చుట. 'వినోదకాలక్షేపము' అన్నచో నవ్వి యూరకుండును. "అవ్వా, శ్రీరామనవమికి వంతెన దాటి భద్రాచలము పోగలవా?" అన్నచో వెంటనే చెప్పును. గొంతుకూర్చుండుట మన పల్లెలలో నిత్యావసరము. కీలు మార్చినపిదప అట్లు కూర్చుండవలదని వైద్యులు సాధారణముగా చెప్పుదురు. ఆ సంగతి ముందుగా తెలియని రోగికి తృప్తి యెట్లు కలుగును? ఆ ప్రశ్న మూలములోని నాలుగింటిలో లేదు. అందు చేర్చినచో ఇతరదేశముల లెక్కలతో పోలిక చెడును. కావున వేరుగా నడుగుట మేలు.

ఈ ప్రాంతమున కోయభాష మాటలాడు కుటుంబములును కలవు. వారికి తెలుగుపత్రము చాలదు. చదువురానివారికి చదివి వినిపింపవలెను; అయితే వినిపించువారు చికిత్స చేసినవారు కారాదు. 'బాగులేదు' అని చెప్పుటకు జంకు లేనప్పుడే 'బాగున్నది' అను మాటకు విలువ.

మీ యింట నట్టి పెద్దలున్నచో మేము కోరునది యొక్కటే. వైద్యు డడిగినపుడు వారికి బదులుగా మీరు జవాబు చెప్పకుడు, వారినే చెప్పనిండు.