నేను రాసింది డైరీ కాదు, చార్జిషీట్!

కొత్తగా పెళ్లైన జంటల కోసం చేస్తున్న ఈ ఎపిసోడ్స్‌లో ఇవాళ జర్నలింగ్ గురించి మాట్లాడుకుందాం. అంటే రాసుకోవడమే, భయపడకండి.

ముందు నా సంగతి. పెళ్లైన మొదటి ఏడాది నేను ఫోన్‌లో నోట్స్ యాప్‌లో రోజూ రాసేదాన్ని. "వాళ్ళమ్మతో గంట మాట్లాడాడు, నన్ను తిన్నావా అని కూడా అడగలేదు." ఇలా, డేట్లతో సహా! మాకు మెంటర్లుగా ఉన్న అంకుల్, ఆంటీ దగ్గర అదే చదివి వినిపించాను. ఆంటీ అంతా విని, "ఇది చార్జిషీట్ అమ్మా. ఇందులో నువ్వెక్కడున్నావు?" అన్నారు. నిజం చెప్పాలంటే నాకు చాలా కోపమొచ్చింది. కానీ మొదటి కొరింథీ 13లో పౌలు ప్రేమ గురించి ఏమంటాడు? ఎదుటివాళ్ళ తప్పులు లెక్కపెట్టుకోదనే కదా. నేను చేస్తున్నది సరిగ్గా ఆ లెక్కే.

మరి రాయడమే తప్పా? కాదండీ. కీర్తనలు చూడండి. భయం, కోపం, ఏడుపు అన్నీ ఉంటాయి. కాకపోతే వాళ్ళు దేవునికి చెప్పుకున్నారు, నేను సాక్ష్యాలు పోగేశాను.

ఆంటీ మాకిచ్చిన పద్ధతి మ్యారేజ్ ఎన్‌కౌంటర్‌ది. స్పెయిన్‌లో గాబ్రియేల్ కాల్వో అనే ఫాదర్ మొదలుపెట్టిన ఉద్యమం అది. అందులో "10-10" అంటారు. ఒకే ప్రశ్న మీద ఇద్దరూ విడివిడిగా 10 నిమిషాలు రాయాలి. తర్వాత నోట్‌బుక్స్ మార్చుకుని చదివి, 10 నిమిషాలు మాట్లాడుకోవాలి. "నువ్విలా చేశావు" అని కాదు, "నాకు ఇలా అనిపించింది" అని రాయాలి. ఇక్కడ అందరం దొరికిపోతాం! "నువ్వు స్వార్థపరుడివని నాకు అనిపించింది" అని రాస్తాం. అది ఫీలింగ్ కాదు, తిట్టు.

ఇంకో మాట. మా నోట్‌బుక్ మెంటర్లు ఎప్పుడూ అడగలేదు. మేం చెప్పాలనుకున్నదే చెప్పేవాళ్ళం. మీ మెంటర్లు చూపించమంటే "వద్దు" అనొచ్చు. ఇంట్లో చెయ్యి చేసుకోవడం, బెదిరించడం ఉంటే మాత్రం ఈ నోట్‌బుక్ పక్కన పెట్టేయండి. ఆ పరిస్థితిలో మనసు విప్పి రాసి ఆయన చేతిలో పెట్టడం ప్రమాదం. నమ్మకమైన వాళ్ళకి చెప్పండి, 181కి ఫోన్ చేయండి.

మొదటి రాత్రి మా ప్రశ్న, "ఈ వారం నాకు దేని గురించి భయం?" నేను రెండు పేజీలు నింపాను. మా ఆయన ఒకే లైన్ రాశారు. "ఉద్యోగం పోయేలా ఉంది, నీకెలా చెప్పాలో తెలియట్లేదు, అమ్మకి మాత్రమే చెప్పాను."

ఆ గంట ఫోన్లు అవి.